అదే బంగాళాఖాతం

మా ఆఫీసులో, సెలవు ప్రయాణాలకి సర్కారు ఛార్జీలిచ్చే ఎల్టీసీ మీద ఎవరికి ఏ సందేహం వచ్చినా సూపరింటెండెంట్ గారి బల్ల దగ్గరికే వెళ్లాలి. హైదరాబాదులో కేంద్ర ప్రభుత్వ ఆఫీసు మాది. రూల్సు పుస్తకం ఆయన సొరుగులోనే ఉంటుంది గానీ ఆయన తెరవగా నేను చూడలేదు. అంతా నోటికే.

పోర్ట్ బ్లెయిర్‌కి శ్రీవిజయపురం అని పేరు మారకముందు సంగతి ఇది. అప్పట్లో ఆఫీసు మొత్తానికి అండమాన్ గాలి సోకింది. 2014లో వచ్చిన సడలింపు పుణ్యమా అని, విమానం ఎక్కే హోదా లేని చిన్న ఉద్యోగి కూడా చెన్నై నుంచో, కోల్‌కతా నుంచో, విశాఖ నుంచో పోర్ట్ బ్లెయిర్‌కి ఎకానమీ క్లాసులో వెళ్లొచ్చు. ఆ మూడు ఊళ్ల దాకా రైలు. పైగా పది రోజుల సెలవు సర్కారుకే అమ్ముకుని ఆ డబ్బూ జేబులో వేసుకోవచ్చు.

మా అటెండర్‌ది నల్గొండ జిల్లా. నాగార్జునసాగర్‌నే సముద్రమనుకుని పెరిగినవాడు. "పుట్టినకాడి నుంచి అసలు సముద్రం సూడలే సార్" అని ఎన్నిసార్లన్నాడో. కూతురు పదో తరగతి. దానికి సముద్రం కన్నా విమానం మీద మనసు. తండ్రీకూతుళ్లిద్దరి కోరికా ఒక్క ఫారంతో తీరే అవకాశం వచ్చింది. నింపుకుని సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్లాడు.

ఆయన ఫారం పక్కన పెట్టి, అతనికీ ఒక టీ చెప్పారు. మా దగ్గర అటెండర్‌కి టీ చెప్పే ఆఫీసరు ఆయనొక్కడే.

"గవర్నమెంటు ఇచ్చేది ఛార్జీలేనయ్యా. హోటలు ఎవడిస్తాడు? తిండి ఎవడు పెడతాడు? పోర్ట్ బ్లెయిర్‌లో దిగితే నీకు కనపడేది సెల్యులార్ జైలు. ఏడు వరసల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. అది చూడాల్సిందే, కాదనను. కానీ మీ అమ్మాయి ఫొటోల్లో చూపించే తెల్ల ఇసక, అద్దంలాంటి నీళ్లు ఉండేది హేవ్‌లాక్‌లో. దానికి మళ్లీ పడవ. సముద్రం అలిగిందంటే పడవ కదలదు. నువ్వు లాడ్జీలో కూర్చుని అద్దె కట్టుకోవాలి. నీళ్ల అడుగున పగడాలు చూపిస్తామని తలకింత గుంజుతారు. బియ్యం నుంచి ఉల్లిపాయ దాకా ఓడ దిగి రావాల్సిందే, ధర కూడా ఓడెక్కే ఉంటుంది."

టీ పూర్తయింది. ఉపన్యాసం కాలేదు.

"ఇంత చేసి అక్కడున్నదేంటి? బంగాళాఖాతం. సూర్యలంకలో ఉన్నదేంటి? అదే బంగాళాఖాతం. మద్రాసు రైలు బాపట్ల మీదుగానే పోతుంది, మధ్యలో దిగిపో. స్టేషన్ నుంచి తొమ్మిది కిలోమీటర్లు, ఆటో దొరుకుతుంది. సరుగుడు తోటలు, చదునైన ఒడ్డు. తెల్లారి లేస్తే సూర్యుడు నీళ్లలోంచి పైకొస్తాడు. రొయ్యలు కళ్లముందే వేయించిస్తారు. తెలుగులో బేరమాడుకోవచ్చు."

తెలుగులో బేరం అండమాన్‌లోనూ ఆడొచ్చు. శ్రీకాకుళం తీరం నుంచి వలసపోయినవాళ్లు పోర్ట్ బ్లెయిర్‌లో వీధికొకరు తగులుతారు. ఆ ఒక్క ముక్క తప్పితే ఆయన చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదు. జీతం రాళ్లతో ఇల్లు గడిపేవాడికి దీవి కన్నా ఒడ్డు మేలు. నేనైనా అదే సలహా ఇచ్చేవాణ్ని, టీ లేకుండా.

అటెండర్ ఫారంలో పోర్ట్ బ్లెయిర్ కొట్టేసి సూర్యలంక రాశాడు. ఆ రాత్రి కూతురు అన్నం ముట్టలేదట.

సంక్రాంతి సెలవుల్లో వెళ్లొచ్చారు. మనిషి ముఖంలో కళే మారిపోయింది. బిస్లరీ సీసాలో సముద్రపు నీళ్లు పట్టుకొచ్చి బల్ల బల్లకీ తిప్పి చూపించాడు. కూతురి అలక మొదటి కెరటానికే కొట్టుకుపోయిందట. భార్య దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, "నిజంగనే ఉప్పగున్నయి" అని అందరినీ పిలిచి చెప్పిందట. ఇన్నాళ్లూ జనం అబద్ధం చెబుతున్నారనుకుందేమో. బాపట్లలో భావనారాయణస్వామి దర్శనం కూడా చేసుకున్నారు.

"సార్ చెప్పింది వంద శాతం కరెక్టు సార్. సార్ వాళ్లు గూడ అక్కడ్నే కలిసిండ్రు. మా బిడ్డకు మొక్కజొన్న కంకి కొనిచ్చిండు."

ఎదుటివాడికి చెప్పిన మాట తాను కూడా పాటించే అధికారి మా సర్వీసులో అరుదు. ఆ విషయం ఇంట్లో కూడా చెప్పాను.

ఎల్టీసీ బిల్లులు ముందు నా బల్ల మీదికే వస్తాయి. నెలాఖరుకి రెండూ వచ్చాయి. పైన సూపరింటెండెంట్ గారిది. హైదరాబాదు నుంచి చెన్నైకి రైలు, నలుగురు. చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి విమానం, నలుగురు. రావడమూ అంతే. సెలవు అమ్మకం పది రోజులు. తారీఖులు చూశాను. ఆ సంక్రాంతివే. విమానం టికెట్ల మీద ఏజెంటు ముద్ర స్పష్టంగా, సీరియల్‌గా, ముద్దొచ్చేలా ఉంది. ఆ కట్ట మొత్తంలో నిజమైన కాగితాలు చెన్నై రైలు టికెట్లే. అవి కూడా బాపట్ల దాకానే నిజం.

నాది అంకెలు కూడే ఉద్యోగం. కూడితే సరిపోయాయి. బిల్లు పై అధికారికి వెళ్లింది, సాయంత్రానికి పాసై వచ్చింది.

దాని కింద అటెండర్‌ది. బాపట్లకి నాలుగు స్లీపర్ టికెట్లు, రానూపోనూ. స్టేషన్ నుంచి సూర్యలంకకి ఆటో, రానూపోనూ 600 రూపాయలు. ఇది సూపరింటెండెంట్ గారి పరిశీలనకి వెళ్లి ఎర్రసిరాతో తిరిగొచ్చింది: "ఆటో ప్రజా రవాణా కిందికి రాదు. నిబంధనల ప్రకారం చెల్లదు. 600 తగ్గించి పాస్ చేయవచ్చు."

రూలు అదే, తప్పు పట్టడానికి లేదు. ప్రైవేటు ఆటోకి ఎల్టీసీలో పైసా రాదు. టీ తాగించిన రోజున ఆ ఒక్క రూలే ఆయన నోటికి రాలేదు.

అటెండర్‌ని పిలిచి చెప్పాను. బాధపడతాడనుకున్నాను. తల గోక్కున్నాడు.

"రూలుంటే ఏం జేస్తం సార్. గని, వచ్చేటప్పుడు సార్ వాళ్లు నలుగురు గూడ మా ఆటోలనే కూసున్నరు. చిల్లర లేదంటే పైసలన్ని నేనే ఇచ్చిన. నా బిల్లుల రాకుంటే రాకపాయె, సార్ బిల్లులనన్న వస్తయా?"

రావని చెప్పాను. పోర్ట్ బ్లెయిర్‌లో ఎక్కినా ఆటో ఛార్జీ చెల్లదు.