దేవుని పనికి తలకిందుల సలహాలు

పెద్ద పరిచర్య చేయాలని ఉవ్విళ్లూరే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పే సలహాలివి. లోకజ్ఞానం ఉన్నవాళ్లు వీటిని ఒప్పుకోరు. అయినా ఇవే చెప్తాను.

దేవుడు వాక్యంలో ఎప్పుడో చెప్పేసిన పని కోసం మళ్లీ ప్రార్థనలో కనిపెట్టకండి. మాటలు ఆగిపోయిన అన్నతో సమాధానపడాలా వద్దా అని నలభై రోజులు ఉపవాసం ఉండనక్కర్లేదు. ఈ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లండి.

మీ తలాంతు ఏమిటో వెతుక్కుంటూ కూర్చోకండి. ప్రభు బల్ల అయ్యాక ఆ చిన్న గాజు కప్పులు కడగండి. ద్రాక్షరసం అడుగున ఆరితే ముదురు రంగు గీత పట్టేస్తుంది. కాసేపు నానబెట్టి, వేలికి గుడ్డ చుట్టి లోపల తిప్పితే గానీ వదలదు. ఆ పనికి ఎవరూ శాలువా కప్పరు. సిరియా సేనాధిపతి నయమాను ఇంట్లో చెరలో ఉన్న ఇశ్రాయేలు పిల్ల పేరు కూడా బైబిల్లో లేదు. తనను బానిసను చేసిన ఇంటి యజమాని కుష్ఠు పోవాలని కోరి, ఇశ్రాయేలులోని ప్రవక్త దగ్గరికి వెళ్తే బాగుంటుందని దొరసానితో ఒక్క మాట అంది. నయమాను ఏమో, ప్రవక్త ఏ గొప్ప పనీ చెప్పకుండా యొర్దానులో ఏడుసార్లు మునగమన్నాడని కోపంతో వెనుదిరిగాడు. మళ్లీ దాసులే బతిమాలి నదిలోకి దింపారు. ఆ అధ్యాయంలో దేవుని పని ముందుకు నెట్టిన వాళ్లలో ఎక్కువమంది పనివాళ్లే.

నష్టం ఎటు ఉందో అటే నడవండి. 1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలులో మిషను పెట్టినప్పుడు పెద్ద కులాల పిల్లలు బడికి వచ్చేవారు. తాళ్లకొండపాడు నుంచి తోలు వ్యాపారం చేసే మాదిగ కులస్థుడు యర్రగుంట్ల పేరయ్య వచ్చి బాప్తిస్మం అడిగారు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలు బడికి రారని ఊరి పెద్దలు తేల్చి చెప్పారు. ఆ కలతలో క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ 1 కొరింథీయుల మొదటి అధ్యాయంలో ఒకే భాగం, దేవుడు బలహీనులను ఏర్పరచుకున్నాడనే భాగం కనబడింది. బడి ఖాళీ అయినా సరే అనుకున్నారు. పేరయ్య పల్లె పల్లె తిరిగి సువార్త చెప్పారు.

జనం ఎగబడుతుంటే తలుపు వేయండి. ఇది మింగుడుపడటం కష్టం. 1876-78 కరువులో జనాన్ని బతికించడానికి క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో దాదాపు మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. పారలూ తట్టలూ పట్టుకుని వేలమంది వచ్చారు. తెలుగు బోధకులే మేస్త్రీలై, కూలీలు చెమట తుడుచుకునే వేళ వాళ్ల మధ్య కూర్చుని క్రీస్తు గురించి చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. గంజి కోసం వచ్చినవాళ్లెవరో, దేవుని కోసం వచ్చినవాళ్లెవరో అప్పుడు తేల్చలేమని ఆయన భయం. లెక్కలు పంపి మెప్పు పొందే అవకాశాన్ని నెలల తరబడి చేతులారా వదులుకున్నారు. సాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన సభల్లో ఈ అంకె తెగ వినిపిస్తుంది. మీరు మాత్రం ముందు ఆ మేస్త్రీల గురించి చెప్పండి. వాళ్లలో చాలామంది పేర్లు మనకు తెలియవు, అది నాకు బాధగానే ఉంటుంది.

తెలివైనవాళ్లు మూసేయమన్న పనిని మూసేయకండి. 1853లో అమెరికా బాప్టిస్టులు ఫలితం లేదని ఈ తెలుగు మిషన్‌నే ఆపేద్దామా అని చర్చించారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషనులో సేవ చేస్తున్న జూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. క్లౌ రావడానికి ఇంకా పన్నెండేళ్లు పట్టింది. మీ ఇంటి కూడికకు ఐదుగురే వస్తున్నారా? వచ్చే వారం కూడా అదే వేళకు చాప పరవండి.