లష్కరు మేఘసందేశము: సటీకాతాత్పర్యము

అవతారిక

మెదకుసీమలోని కొలిచెలమ గ్రామమున, నేడు కొల్చారమని పిలువబడుచున్న ఆ యూర, వెలసిన మల్లినాథసూరి కాళిదాసుని మేఘసందేశమునకు సంజీవని యను వ్యాఖ్యను సంతరించెను. మూలమున లేనిది వ్రాయననియు, అక్కరలేనిది చెప్పననియు తన వ్యాఖ్యానములకు రెండు నియమములను పెట్టుకొనెను. ఆ మెదకునకు దక్షిణముగానున్న లష్కరని వాడుకగల సికింద్రాబాదులో నేడు ప్రతిరాత్రియు క్లౌడను పేరి మేఘములు సందేశములను పంపుచునే యున్నవి. యక్షునికి బదులు సర్వరు, అలకాపురికి బదులు మారేడుపల్లిలోని యొక రెండవ అంతస్తు, విరహమునకు బదులు నిద్రాభంగము. ఇన్ని సందేశములు వచ్చుచున్నను వానికొక టీక లేకపోవుటను చూచి, సూరి నియమములలో మొదటిదానిని మాత్రము శిరసావహించి, రెండవదానిని గూర్చి మాట యియ్యక, ఒక్క సందేశమునకు వ్యాఖ్య నారంభించుచున్నాను.

మూలము

"అలారం: ఆర్డర్స్-ప్రాడ్-5ఎక్స్‌ఎక్స్-హై, ఏషియా పసిఫిక్ హైదరాబాద్. ఓకే టు అలారం. థ్రెషోల్డ్ క్రాస్డ్: 3 అవుటాఫ్ 3 డేటాపాయింట్స్ గ్రేటర్ దేన్ 50. డిస్క్రిప్షన్: నల్."

ప్రతిపదార్థము

ఆర్డర్స్ = సరకులు కావలెనని కొనుగోలుదారులు పంపు కోరికలను పుచ్చుకొను సేవ; ప్రాడ్ = నిజముగా డబ్బు చేతులు మారుచున్న చోట, అనగా పరీక్షలకై నిలిపిన నకలు కాదని వ్యావృత్తి; 5ఎక్స్‌ఎక్స్ = 500 మొదలు 599 వరకుగల సమాధానసంఖ్యలలో ఏదైనను; హై = మితిమీరినది.

ఈ 5ఎక్స్‌ఎక్స్ అను పదమున ఒక తీర్పు గర్భితమైయున్నది. 4తో మొదలగు సంఖ్య వచ్చినచో తప్పు అడిగినవానిది: లేని పుటను కోరెను, లేక ప్రవేశము లేని తలుపు తట్టెను. 5తో మొదలైనచో తప్పు మనది: సర్వరు తడబడెను, లేక దాని వెనుకనున్న మఱియొకటి వేళకు బదులు పలుకదాయెను. అందుచేతనే పరులు చేసిన తప్పులకు తెల్లవారినదాక ఆగవచ్చుననియు, మనము చేసినవానికి ఆగరాదనియు అలారములు కూర్చువారు ఒక మర్యాదను పాటించుచున్నారు.

ఏషియా పసిఫిక్ హైదరాబాద్ = 2022 నవంబరులో అమెజాన్ వారు తెరచిన, మూడు అవైలబిలిటీ జోనులుగల ప్రాంతము. సందేశమును అందుకొనువాడు సికింద్రాబాదువాడు, అందు పడిన పేరు హైదరాబాదుది. 1960లో ఈ యూరి పురపాలకము ఆ యూరి కార్పొరేషనులో కలిసిపోయిన నాటినుండియు ఇట్టి వ్యవహారమునకు మేము అలవాటుపడియుంటిమి గనుక ఇచ్చట శంక లేదు.

3 అవుటాఫ్ 3 = వరుసగా చూచిన మూడు లెక్కలును మితిని దాటినవి. ఒక్కొక్కటి ఒక్కొక్క నిమిషపు లెక్కయైనచో మూడు నిమిషములుగా తెగులు సాగుచున్నదని భావము. మొదటి నిమిషముననే కేక వేయరాదా యని శంక. వేయవచ్చును, కాని ఊరక వచ్చి ఊరక పోవు ప్రతి తుమ్మునకును కేక వేయు అలారమును కొన్నాళ్లకు ఎవ్వరును లెక్కచేయరు. మూడు నిమిషముల ఆలస్యమునిచ్చి దానికి బదులుగా మాటకు విలువను కొనుక్కొనుట ఇందలి వ్యాపారము. వరుస తప్పి వచ్చిపోవు తెగుళ్లకు ఈ పాఠము పనికిరాదనియు, '3 అవుటాఫ్ 5' అని దిద్దినచో ఐదింటిలో ఏ మూడు చెడినను దొరకుననియు కొందఱందురు. వారి మతమే గ్రాహ్యమని నా యభిప్రాయము.

ఓకే టు అలారం = క్షేమము నుండి ఆపదకు. ఈ అలారములను మ్రోగించు అమెజాన్ వారి క్లౌడ్‌వాచ్ శాస్త్రమున అలారమునకు అవస్థలు మూడు. ఓకే, అలారం అనునవి రెండును స్పష్టములే. మూడవదియగు 'ఇన్‌సఫిషియెంట్ డేటా' యొద్దనే వ్యాఖ్యాతకు నిజమైన పని యున్నది. లెక్క చెడుగా రాలేదు, మంచిగాను రాలేదు, అసలు రానేలేదు. మేఘము మౌనము వహించినది. ఆ మౌనమున కర్థమేమి? కాళిదాసుని యక్షుడు సందేశమంతయు చెప్పి ముగించి, మేఘము ఏమియు పలుకకుండుటను చూచి, అది నిరాకరణము కాదని నిశ్చయించుకొని తృప్తిపడెను. క్లౌడ్‌వాచ్‌లో ఈ విషయమై నాలుగు మతములు కలవు. 'బ్రీచింగ్' మతమున మౌనమే ఆపద. 'నాట్ బ్రీచింగ్' మతమున మౌనమే క్షేమము. 'ఇగ్నోర్' మతమున మౌనము విననట్లే, ఉన్న అవస్థయే నిలుచును. ఏమియు చెప్పనివారికి లభించు 'మిస్సింగ్' మతమున, లెక్కలన్నియు లోపించినచో, ఏమియు తెలియదని ఒప్పుకొనుట. యక్షుడు నిస్సందేహముగా నాట్ బ్రీచింగ్ మతస్థుడు.

అతడు తప్పు చేసెనా? ప్రకృతమున చేయలేదు. కోరికలను సర్వర్లకు పంచు లోడు బాలెన్సరు తన 5ఎక్స్‌ఎక్స్ లెక్కను తప్పు జరిగినప్పుడే వ్రాయును గాని సున్నలను వ్రాయదు. అచ్చట మౌనము ఆరోగ్యలక్షణము. కాని బ్రతికియున్నానని నిమిషమున కొకసారి చెప్పుటకే నియమింపబడిన లెక్కకు ఇదే మతమును తగిలించినచో, సర్వరు చచ్చిపడియుండగా అలారము పచ్చగా వెలుగుచుండును. అన్ని అలారములకును ఒకే మతమును కాపీ కొట్టి అంటించు నేటి యాచారమును నేను మిక్కిలి గర్హించుచున్నాను.

అన్వయము

పదములన్నిటికిని అర్థము చెప్పితిమి గాని వాక్యము ఇంకను కుదురుట లేదు. 1858నాటి బాలవ్యాకరణమున చిన్నయసూరి చతుర్థీవిభక్తికి కొఱకు, కై అను ప్రత్యయములను చెప్పియున్నాడు. మన మూలమున ఆ రెండింటిలో ఒక్కటియు లేదు. ఎవరికై ఈ కేక? మూలమున సమాధానము లేదు. ఈ సందేశము ఇరువదిమంది గల మెయిలుపెట్టెకు పోయినచో ఇరువదిమందియు తక్కిన పందొమ్మిదిమందిలో ఎవరో చూచుకొందురని తలచి పడుకొందురు. ఈ చతుర్థిని చేర్చు తంతునకే అలారములను ఇన్సిడెంటు వేదికకు కలుపుట యని పేరు. తీగ కలుపుట అందు పిడికెడు పని. పేరు నిర్ణయించుటయే అసలు పని.

క్రమమిది. అలారము మ్రోగగానే క్లౌడ్‌వాచ్ ఆ మాటను, చందాదారులకు సందేశములను పంచు ఎస్‌ఎన్‌ఎస్ టాపిక్కునకు చెప్పును. ఆ టాపిక్కునకు చందాదారుగా, ఇన్సిడెంటు వేదికయగు పేజర్‌డ్యూటీ వారిచ్చిన చిరునామాయొకటి వ్రాసి పెట్టవలెను. ఆ చిరునామాలోని తాళపుచెవి ఇది ఆర్డర్స్ సేవకు చెందినదని చెప్పును. ఆ సేవ వెనుక ఎస్కలేషన్ పాలసీయు, దాని వెనుక ఆన్‌కాల్ షెడ్యూలును, దాని చివర ఒక మనుష్యుడును ఉండవలెను. ఇచ్చట పాఠాంతరము కలదు: కొన్ని ప్రతులలో 'పేజర్‌డ్యూటీ' కి మాఱుగా 'ఆప్స్‌జీనీ' అని కనబడుచున్నది. అట్లాసియన్ వారు 2025 జూనులో దాని క్రొత్త అమ్మకములను నిలిపి, 2027 ఏప్రిలుతో దానిని మూయుదుమని ప్రకటించియున్నారు గనుక ఆ పాఠము శిథిలము.

ఈ త్రోవలో కాలు జారు చోట్లు గలవు. చందా నమోదైనను అవతలివారు దానిని ధ్రువపఱుపనంతవరకు అది 'పెండింగ్' అవస్థలోనుండి ఒక్క మాటయైనను వినదు. టాపిక్కునకు రక్షణకై ఎస్‌ఎన్‌ఎస్ తో దొరకు సిద్ధపు కేఎంఎస్ గుప్తీకరణ తాళమును వేసినచో క్లౌడ్‌వాచ్ తానే లోపలికి పోజాలక బయట నిలిచిపోవును. మన సొంత తాళమును చేయించి, దాని విధానపత్రమున క్లౌడ్‌వాచ్‌నకు అనుమతి వ్రాయవలెను. ఇవి రెండును చడీచప్పుడు లేక జరుగును: అలారము తన పుటలో ఎఱ్ఱబడియుండును, మారేడుపల్లిలో ఫోను మాత్రము మ్రోగదు.

వీనికంటె తఱచుగా కనబడునది మఱియొకటి. అలారము మ్రోగినప్పుడు ఎవరికి చెప్పవలెనో వ్రాసి, అది చల్లారినప్పుడు ఎవరికి చెప్పవలెనో వ్రాయకుండుట. క్లౌడ్‌వాచ్‌లో ఆ రెండును వేర్వేఱు గడులు. రెండవ గడి ఖాళీగా నుండెనా, అచ్చట తెగులు తీరి ఓకే అయినను పేజర్‌డ్యూటీలో ఇన్సిడెంటు తెఱచియే యుండును. మరునాడు అదే అలారము మఱల మ్రోగినను, పాత ఇన్సిడెంటులోనే కలిసిపోయి, క్రొత్తగా ఎవ్వరిని లేపదు. అగ్గిపుల్ల గీయుట నేర్పి దీపమార్పుట నేర్పనట్లున్నది ఈ పని.

ఇక త్రోవ చివరనున్న మనుష్యుడు. అతని ఫోనునకు వచ్చు పిలుపు పరదేశపు నంబరు నుండి వచ్చును గనుక, అప్పు కావలెనా యని అడుగువారేమోనని తలచి కోసివేయుట సహజము. ఆ నంబర్లను ముందుగానే పేరుతో దాచుకొని, మౌనముద్రలోనున్నను మ్రోగునట్లు అనుమతి నీయవలెను. అతడు లేచి 'ఎక్నాలెడ్జ్' నొక్కును. నొక్కనిచో గడువు తీరగానే పిలుపు పైవానికి పోవును. పైవాడు అప్పుడు పలుకు మాటకు లష్కరులో స్థిరమైన రూపము కలదు: "యాక్ కొట్టినవా తమ్మీ?" "కొట్టిన అన్నా, చూస్తున్న." యాక్ అనగా విన్నానని మాత్రమే, బాగుచేసితినని కాదు. ఈ భేదమెఱుగక యాక్ కొట్టి పండుకొన్నవారును కలరు.

షెడ్యూలు విషయమున ఆషాఢమును ప్రత్యేకముగా చెప్పవలెను. ఉజ్జయినీ మహాంకాళికి లష్కరు బోనాలు జరుగు ఆదివారమున వంతు మార్చుకొనువారు వాట్సాపులో ఒకరికొకరు మాట యిచ్చుకొని, షెడ్యూలులో ఓవర్‌రైడు వ్రాయుట మఱచెదరు. యంత్రమునకు వాట్సాపు తెలియదు. కావున మోండా మార్కెట్టు వైపు వరుసలో, ఇంటివారు బోనమెత్తుకొని నిలువగా, వారి వెనుక నిలిచినవాని జేబులోనే అది మ్రోగును. మరునాటి రంగమున పచ్చికుండపై నిలిచినయామె భవిష్యవాణి చెప్పునప్పుడైనను, లోపములను వినవలసిన అర్చకులు ఎదుటనే నిలిచి ఒక్కొక్కదానికి బదులు చెప్పుచుందురు. ఆ ఏర్పాటు వాట్సాపు మాటకంటె పకడ్బందీయైనది.

కేకను తగినవానికి చేర్చు ఈ విద్యలో మన ప్రాంతమునకు పేరు తెచ్చినది సాఫ్టువేరు కాదు, అంబులెన్సు. 2005 ఆగస్టు 15న ప్రారంభమై, మేడ్చలు దారిలోని దేవరయాంజాలు కేంద్రముగా పెరిగిన 108 సేవలో, ఆపద చెప్పినవానిని డ్రైవరును వెదకికొమ్మని ఎవ్వరును అడుగరు. వినువారు విందురు, పంపువారు దగ్గఱి బండిని ఎంచి పంపుదురు, బండిలోనివారు చికిత్స మొదలిడుదురు. ఒకరి చేతినుండి ఒకరి చేతికి కేసు మాఱునప్పుడు నడుమ నేల పడదు. ఆపదను పసిగట్టుట, చేరుట, కాపాడుట యని వారు చెప్పుకొను మూడింటిలో మన క్లౌడ్‌వాచ్‌నకు తెలిసినది మొదటిది మాత్రమే.

శేషపదములు

50 = మితి. ఏల యేబది? మూలమున ఆధారము లేదు. ఎవరు పెట్టిరో, నాడు నిమిషమునకు ఎన్ని ఆర్డర్లు వచ్చుచుండెనో, లిఖితమై కానరాదు. మరునాటి స్టాండప్పులో ఎవరో ఒకరు దీనిని 100 చేయుదమందురు. ఆ 100నకును ఇంతే ఆధారము.

నల్ = శూన్యము. వెయ్యికి పైగా అక్షరములు పట్టు గడిని ఇచ్చి, ఇచ్చట వ్రాసినది సందేశముతో కూడ మోసికొనిపోయెదనని మేఘము చెప్పుచుండగా, వ్రాయువాడు ఏమియు వ్రాయలేదు. ఈ మూలమునకు ఈ క్రింది పూరణమును సూచించుచున్నాను; దీనిని చేర్చి, పగటివేళ 'సెట్ అలారం స్టేట్' అను ఆజ్ఞతో అలారమును ఒకసారి కావలెనని మ్రోగించి, ఇది ఫోనుదాక చేరినదో లేదో చూచికొనవలెను: "పేమెంటు గేట్‌వే మొరాయించినపుడు ఇది మ్రోగును. ముందు క్యూ చూడుము. సర్వరును రీస్టార్టు చేయకుము. చేసినచో సగములో ఆగిన ఆర్డర్లు రెండేసిసార్లు పడును."