59వ సొరంగం

2020 తరువాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగులలో విశేషంగా వృద్ధిచెందిన ఒక ఉపజాతిని, సంధిదోషాన్ని క్షమించగలిగితే, 'సిగ్నలాన్వేషి' అని వ్యవహరించవచ్చును. సెలవు పెట్టకుండానే విహారయాత్రకు వెళ్ళి, విహరించకుండానే తిరిగివచ్చేవాడని ఇతనికి స్థూలమైన నిర్వచనం. ఆ సంవత్సరం మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ అమలై ఇల్లే ఆఫీసు కాగా, ఇల్లు ఆఫీసైనప్పుడు అరకులోని లాడ్జి మాత్రం ఎందుకు కాకూడదన్న తర్కం నుంచి ఇతడు ఉద్భవించాడు. ఆ తర్కంలో లోపమేమీ లేదు; అరకు చుట్టూ కొండలున్నాయన్న సంగతి మాత్రం అందులో చేరలేదు.

ప్రయాణానికి ఇంటిల్లిపాదీ పులిహోర, జంతికలు, దుప్పట్లు సర్దుకుంటే, ఇతడు రెండు కంపెనీల సిమ్ములు, రెండు పవర్‌బ్యాంకులు, ఎక్స్‌టెన్షన్ బాక్సు, వాటన్నిటినీ కలిపి ముడివేసే వైర్లు సర్దుకుంటాడు. గది మాట్లాడేటప్పుడు లోకులు వేడినీళ్ళ గురించి అడుగుతారు, ఇతడు వైఫై వేగం గురించి అడుగుతాడు. "ఫుల్లుగా వస్తుంది సార్, రిసెప్షన్ దగ్గర కూర్చుంటే" అన్న లాడ్జివారి సమాధానంలో రెండో సగాన్ని వినకపోవడం ఈ జాతి లక్షణం. అందువల్ల చివరకు హాట్‌స్పాటే, అనగా ఫోనులోని ఇంటర్నెట్టును ల్యాప్‌టాపుకు పంచే ఏర్పాటే, ఇతనికి దిక్కవుతుంది. మధ్యాహ్నానికి ఆ ఫోను అట్లపెనంలా కాలుతుంది.

సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలమానంలో రుణసంఖ్యలుగా చెబుతారు. సంఖ్య సున్నాకు ఎంత దగ్గరైతే బలం అంత ఎక్కువ. పది యూనిట్లు దిగితే బలం పదోవంతుకు పడిపోతుంది. మైనస్ 80 దగ్గర ప్రసన్నవదనుడిగా ఉండి, భార్యాబిడ్డలను పేరుపెట్టి పిలవగలిగే ఈ వ్యక్తి, మైనస్ 110 దగ్గర సంసారంపై విరక్తుడై మేడమీదికి పోతాడు. కాంక్రీటు శ్లాబూ, అందులోని ఇనుపచువ్వలూ రేడియో తరంగాలను బలహీనపరుస్తాయి కనుక ఇతని మేడప్రయాణం శాస్త్రసమ్మతమే. స్టాండప్ అనగా నిన్న చేసినదీ, నేడు చేయబోయేదీ సహోద్యోగులకు క్లుప్తంగా చెప్పే రోజువారీ సమావేశం; పేరుకు తగ్గట్టు దానిని నిజంగా నిలబడి, అదీ నీళ్ళ ట్యాంకుపై చేయి పైకెత్తి నిర్వహించేవాడు ఇతడొక్కడే. ఆ భంగిమను చూసినవారికి భగీరథుడు గుర్తుకురాక మానడు, అయితే భగీరథునికి దిగివచ్చిన గంగ నిలిచింది, ఇతనికి మాత్రం దిగివచ్చినది "నా మాట వినబడుతోందా?" అనేలోగా తిరిగి పైకి పోతుంది.

ఇతని భూగోళజ్ఞానమూ ప్రత్యేకమైనదే. సున్నపురాయిని కరిగించుకున్న నీరు చుక్కచుక్కగా జారి యుగాల తరబడి పేర్చిన బొర్రా గుహలలోని రూపాలలో శివలింగాన్ని దర్శించి భక్తులు చెంపలు వేసుకుంటుండగా, ఇతడు ఫోను చూసుకుని "ఒక్క గీత కూడా లేదు" అని చెంపకు చేయి చేర్చుకుంటాడు. కాఫీతోట ఇతని స్మృతిలో ఫైలు సగంలో ఆగిన చోటుగాను, జలపాతం స్క్రీన్ షేరింగ్ తెగిన చోటుగాను మిగులుతాయి.

అయితే ఈ అన్వేషణ నుంచి ఇతడు పొందిన అసలు జ్ఞానం వేరొకటి ఉంది. అరకు మీదుగా సాగే కొత్తవలస–కిరండూల్ రైలుమార్గంలో 58 సొరంగాలున్నాయి. కొండరాతిని దాటి తరంగాలు లోపలికి చేరలేవు గనుక, రైలు సొరంగంలో దూరినప్పుడల్లా సమావేశం మధ్యలో తెగిపోతుంది. మొదటి సొరంగంలో వణికిపోయి, రెండవదానిలో క్షమాపణ సందేశం టైపు చేసిన ఈ వ్యక్తి, పదవదానికి వచ్చేసరికి కిటికీ పక్కకు జరిగి, కొడుకు చేతిలోని జంతిక విరిచి తింటూ, చీకటి వీడగానే ఎదురయ్యే లోయను తొలిసారి చూస్తాడు. సొరంగంలో ఉన్నవాడిని ఎవరూ ఏమీ అడగలేరన్న పరమార్థం అక్కడే బోధపడుతుంది.

అందుకే యాత్ర ముగిసి, ఇంట్లో ఫైబర్ కనెక్షను, అనగా గాజుతీగలో కాంతిరూపంగా వచ్చే ఇంటర్నెట్టు, నిరాటంకంగా పనిచేస్తున్న వేళలో కూడా, "ఆ పని ఎప్పటికి పూర్తవుతుంది?" అని మేనేజరు అడిగిన మరుక్షణం ఇతని గొంతు ముక్కలుముక్కలై, ముఖం కదలిక మాని, తెర నల్లబడుతుంది. రైల్వేవారి లెక్కలో చేరని 59వ సొరంగం అది.