అలకపాన్పు రోలెక్స్: టీకా తాత్పర్యము

మెల్ల మెల్ల జరుగు ముల్లె నిజమటంచు
నమ్మి కొన్న వాని నవ్వు మాసె;
అద్దమందు తేది యంత పెద్దగ నున్న
గుండె విప్పి చూడ గుట్టు తెలియు

అవతారిక: అలకపాన్పెక్కిన అల్లుడు రోలెక్స్ వాచీ పెడితేనే దిగుతానన్నాడు. మామగారు దుబాయిలోని మేనల్లుడి చేత ఒకటి తెప్పించి పెట్టారు, అల్లుడు దిగాడు. మామగారి తమ్ముడు నలభై ఏళ్లుగా వాచీలు బాగుచేసే మనిషి. "అసలుదేనంట్రా?" అని అన్నగారు చెవిలో అడుగగా, బంతిలో కూర్చొని ఆశువుగా చెప్పిన ఆటవెలది ఇది.

ప్రతిపదార్థము: మెల్ల మెల్ల జరుగు = గెంతక జారునట్లు కదిలెడి; ముల్లె = సెకండ్ల ముల్లే; నిజము + అటంచు = అసలు సరుకుకు గుర్తు అనుచు; నమ్మి కొన్న వాని = విశ్వసించి డబ్బు పోసినవాని (అన్నగారి అని ధ్వని); నవ్వు మాసె = మొగము వాడెను; అద్దమందు = డయలుపై అద్దమునందు; తేది = తారీఖు; అంత పెద్దగన్ = రెండున్నర రెట్లుగా; ఉన్న = ఉన్నప్పటికిని (గణము పొంగునని కవి చివరి 'ను'ను మింగెను); గుండె = మిషను; విప్పి చూడన్ = వెనుక మూత తీసి చూచినచో; గుట్టు తెలియున్.

తాత్పర్యము: పైపై గుర్తులు చూచి మురిసిపోకుము, మూత విప్పించుము.

విశేషములు: మెల్ల, ముల్లె అనుచోట ప్రాసయతి. ఇది యతిభంగమని ఆక్షేపించువారు ఛందశ్శాస్త్రమున ఫస్ట్ కాపీలు. ముల్లె అనగా డబ్బుమూట కూడ. ఆ మూట మెల్లమెల్లగా జరిగిపోవుట రెండవ అర్థము. కవికి ఈ శ్లేష తెలియదు, పద్యానికి తెలుసు.

రోలెక్స్ శబ్దమునకు, కొన్నవాడు రోట్లో తల పెట్టినవాడు గనుక, 'రోలు' నుండి వ్యుత్పత్తి చెప్పుట పామరము. హాన్స్ విల్స్‌డార్ఫ్ 1908లో రిజిస్టరు చేయించిన పేరిది. ఏ భాషవారైనా పలుకగలుగుటకు, డయలుపై ఇముడుటకు ఎంచిన చిన్న మాట. నకిలీ డయలుపైనా అంతే చక్కగా ఇముడునని ఆయన తలచినట్లు లేదు.

ఇక అసలు చర్చ. 'ముల్లు జారిన అసలు, గెంతిన నకిలీ' అని లోకము చెప్పు లక్షణము దుష్టము. అసలు జారుటయే భ్రమ. లోపలి మిషను గంటకు 28,800 సార్లు కొట్టుకొనగా ముల్లు సెకనుకు 8 చిన్న గంతులు వేయును. మన కన్ను వాటిని కలిపి చూచును. ఇప్పటి నకిలీలలోని ఆటోమేటిక్ మిషన్లకూ అదే వేగము కలదు గాన అతివ్యాప్తి. రోలెక్స్ వారే 1977లో ఓయిస్టర్‌క్వార్ట్జ్ అని బ్యాటరీ వాచీ తెచ్చిరి. అది అసలుదై ఉండియు సెకనుకొక గంతు వేయును గాన అవ్యాప్తి. రెండు దోషాలున్న లక్షణాన్ని తార్కికుడు వదిలేస్తాడు, మామగారు డబ్బు పెట్టి కొన్నారు.

తేదిపై నుండు బుడిపె అద్దము సంగతి: ఒకప్పటి నకిలీలలో అంకె ఆవగింజంత కనబడెడిది, పట్టుట సులువు. ఇప్పుడు అదియు దిద్దుకొనిరి. ఈ శతాబ్దపు వాచీల అద్దములో 6 అంకె దగ్గర లేజరుతో చెక్కిన కిరీటముండును. అది అసలువానిలో భూతద్దమునకు గాని దొరకదు. చాల నకిలీలలో పెండ్లిపందిటి దీపములా దూరము నుండియే వెలుగును. ఇంత చక్కని గుర్తును కవి విడిచిపెట్టుట చింత్యము.

'వెనుక గాజుమూత ఉన్నచో నకిలీయే' అనుట పూర్వపక్షము. 2023లో ప్లాటినం డేటోనా వాచీకి కంపెనీయే గాజుమూత పెట్టినది గాన ఆ వాదము నిలువదు. పెట్టె, వారంటీ కార్డు ప్రమాణములు కావు. అవియు విడిగా అమ్ముదురు.

'గుట్టు తెలియు' అన్నాడు సరే, ఎవరికి? రోలెక్స్ వారి 3135 అను మిషనునకు సైతము నకళ్లు వచ్చినవి. మూత తీసినంత మాత్రాన మామగారికి చక్రములు కనబడును, గుట్టు కనబడదు. కర్తను చెప్పకుండుట కవి వ్యాపార రహస్యమని మా అభిప్రాయము.

పాఠాంతరము: ఏడాది తరువాత అల్లుడుగారు వాచీ ఆగెనని కవి దుకాణమునకు వచ్చిరట. కవి మూత విప్పి, కంటికి భూతద్దము తగిలించి చాలసేపు చూచి, మరల బిగించి, "నూనె ఆరిపోయింది బాబూ, అంతే" అని మూడు వందలు పుచ్చుకొనెనని కొన్ని ప్రతులలో కలదు.