ఊపిరి కోసం కాని ఆక్సిజన్

నేను న్యూట్రోఫిల్‌ని. పెద్దవాళ్ల రక్తంలో తెల్లకణాలను లెక్కపెడితే సగానికి పైగా మావాళ్లే ఉంటారు. ఎముక మజ్జలో పుట్టాను. ఆయుష్షు తక్కువ, పని మాత్రం పెద్దది.

ఈ పిల్లవాడి మడమలో ముల్లు దిగింది. దానితో పాటు స్టాఫిలోకాకస్ అనే సూక్ష్మజీవి కూడా లోపలికొచ్చింది. రక్తనాళం గోడలో సందు చూసుకుని బయటపడి, దాన్ని చుట్టేసి మింగాను. ఇప్పుడది నా లోపల చిన్న సంచిలో ఉంది, ఇంకా బతికే ఉంది.

దాన్ని చంపే ఎంజైము పేరు ఎన్‌ఏడీపీహెచ్ ఆక్సిడేజ్. మామూలప్పుడు దాని ముక్కలు కొన్ని నా పొరల్లో, కొన్ని లోపలి ద్రవంలో విడిగా ఉంటాయి. అలా ఉండాలి కూడా. ఎప్పుడూ కలిసే ఉంటే పిల్లవాడి కండనే కాల్చేస్తాయి. శత్రువు చిక్కగానే అన్నీ సంచి గోడ దగ్గర చేరి ఒక్కటవుతాయి. ఎన్‌ఏడీపీహెచ్ అనే అణువు నుంచి ఎలక్ట్రాన్లు లాగి, గోడ దాటించి, అక్కడి ఆక్సిజన్‌కు అందిస్తాయి. ఒక ఎలక్ట్రాన్ ఎక్కువైన ఆ ఆక్సిజనే సూపరాక్సైడ్. అది హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. ఆపైన మైలోపెరాక్సిడేజ్ అనే ఇంకో ఎంజైము దాన్నీ క్లోరైడ్‌నూ వాడి హైపోక్లోరస్ ఆమ్లం చేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ వేసిన నీళ్లలో క్రిములను చంపేదీ ఇదే. చీములో కనిపించే ఆకుపచ్చ ఛాయ మైలోపెరాక్సిడేజ్‌దే.

ఇందుకోసం నేను ఒక్కసారిగా ఎన్నో రెట్లు ఆక్సిజన్ పీలుస్తాను. 1933లో బాల్డ్రిడ్జ్, జెరార్డ్ దీన్ని గమనించారు. శ్రమకు కావలసిన శక్తి కోసమేనని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాను ఆపేసే సైనైడ్ కలిపినా ఈ పీల్చుడు ఆగదు. 1973లో బేబియర్, ఆయన సహచరులు తెల్లకణాలు సూపరాక్సైడ్ తయారుచేస్తాయని నిరూపించారు.

నన్ను కలచివేసేది వేరే పిల్లల సంగతి. 1950లలో అమెరికా వైద్యుల దగ్గరికి కొందరు పసివాళ్లు వచ్చేవారు. గ్రంథులు వాచి, చీముగడ్డలు మానక, ఒకటి తగ్గేలోగా ఇంకొకటి. వాళ్ల రక్తంలో మావాళ్లకు కొదవలేదు. సూక్ష్మజీవిని మింగుతున్నారు కూడా. 1967లో హోమ్స్, పేజ్, గుడ్ పరీక్షించి చూస్తే, మింగిన తర్వాత ఆ ఆక్సిజన్ పీల్చుడే లేదు. ఎంజైములో ఒక్క ముక్క లోపించడమే కారణమని తర్వాత తెలిసింది. ఎక్కువ మందిలో ఆ లోపం ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, అందుకే మగపిల్లలే ఎక్కువగా బలయ్యారు. చేతికి చిక్కిన శత్రువును చంపలేక, కడుపులో పెట్టుకుని ఒళ్లంతా మోసిన మావాళ్ల బాధ నాకు అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ పిల్లలకు సూక్ష్మజీవులనూ బూజునూ రాకుండా ఆపే మందులు రోజూ ఇస్తారు. కొందరికి ఇంకొకరి ఎముక మజ్జ ఎక్కిస్తారు. అది నిలదొక్కుకుంటే, అందులోంచి ముక్కలన్నీ సరిగా ఉన్న న్యూట్రోఫిళ్లు పుడతాయి.