ఇన్‌హేలర్ భయానికి బహిరంగ లేఖ

‘పంపు మొదలెడితే ఇక వదలదు’ అనే భయానికి,

నువ్వు ఏ ఇంట్లో పుట్టావో తెలియదు గానీ, ఉబ్బసం ఉన్న ప్రతి ఇంటి గడపా నీకు తెలుసు. డాక్టరు చీటీలో ఇన్‌హేలర్ రాశాడని తెలియగానే వచ్చేస్తావు. “ఇంత చిన్నపిల్లకి అప్పుడే పంపు ఎందుకమ్మా? అలవాటు పడితే జన్మలో మానలేదు” అని పక్కింటి పిన్నిగారి నోట పలుకుతావు. “అందులో స్టెరాయిడ్ ఉంటదంట, ఎముకలు గుల్లయితాయంట” అని మేనమామ చేత ఫోన్ చేయిస్తావు. పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో అయితే “చుట్టాల ముందు అది బయటికి తియ్యకు” అని కన్నతల్లి చేతే చెప్పిస్తావు. ఆ పిన్నిగారి మీద, మేనమామ మీద, తల్లి మీద నాకు కోపం లేదు. పిల్ల బాగుండాలనే వాళ్లు అంటున్నారు. అందుకే ఈ ఉత్తరం వాళ్లకు కాదు, నీకు.

నేను ఉబ్బసంతో బతుకుతున్న మనిషిని. రోజూ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడతాను. నీ వల్ల జరిగే నష్టం చిన్నదైతే ఇలా పదిమందిలో రాసేదాన్ని కాదు. ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో దాదాపు 13 శాతం మంది మన దేశంలో ఉన్నారని, ఆస్తమా మరణాల్లో మాత్రం 40 శాతానికి పైగా ఇక్కడే జరుగుతున్నాయని 2019 నాటి ‘గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్’ అంచనాలు చెబుతున్నాయి. ఆ రెండు అంకెల మధ్య అంత తేడా ఉండడానికి కారణాలు చాలా ఉన్నాయి. పేదరికం ఉంది, మందు దొరకకపోవడం ఉంది, జబ్బును సకాలంలో గుర్తించకపోవడం ఉంది. కానీ మందు చేతికి అందిన ఇళ్లలో కూడా దాన్ని బీరువాలో మూలన పడేయించేది నువ్వే.

నీ మాట నమ్మినవాళ్లకు ఉబ్బసమంటే ఆయాసం వచ్చిన రోజున ఉండి, తగ్గిన రోజున పోయే జబ్బులా కనిపిస్తుంది. నిజానికి పిల్లికూతలు వినిపించని రోజుల్లో కూడా శ్వాసనాళాల లోపలి పొరలో వాపు ఉంటుంది. ఆ వాపు వల్లే అవి ప్రతిదానికీ ఉలిక్కిపడతాయి. పక్క దులిపిన దుమ్ము, దోమల చక్రం పొగ, మిరపకాయల ఘాటు, దీపావళి మందుగుండు, మామూలు జలుబు, ఏదైనా చాలు. నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, లోపల జిగట కఫం చేరుతుంది, గాలి పోయే దారి ఇరుకవుతుంది.

అస్థాలిన్ లాంటి సాల్బుటమాల్ పంపు ఆ కండరాలను కొద్ది నిమిషాల్లో వదులు చేస్తుంది. ఆ ఊరట నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. వాపు జోలికి మాత్రం అది వెళ్లదు. నిప్పు ఆర్పకుండా పొగ పోవడానికి కిటికీ తెరిచినట్టు ఉంటుంది ఆ వైద్యం. వాపును తగ్గించేది బుడెసొనైడ్, బెక్లోమెథసోన్, ఫ్లూటికసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్. ఇది పీల్చిన వెంటనే ఏమీ జరిగినట్టు అనిపించదు. పూర్తి ఫలితం కనిపించడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. సరిగ్గా ఆ ఎడంలోనే నువ్వు దూరతావు. “చూశావా, ఇది పనిచేయట్లేదు, ఆ మొదటిదే నయం” అంటావు.

ఆ మాట ఎంత ప్రమాదమో లెక్కలున్నాయి. బ్రిటన్‌లో ఆస్తమాతో చనిపోయినవారి వివరాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 2014లో ఒక జాతీయ నివేదిక వెలువరించారు. తక్షణ ఉపశమనం ఇచ్చే పంపులు ఎన్ని తీసుకున్నారో రికార్డు దొరికిన 165 మందిలో 65 మందికి, చనిపోవడానికి ముందు ఏడాదిలో 12 కంటే ఎక్కువ రాసిచ్చారు. కెనడాలోని సస్కాచవాన్ రాష్ట్రంలో రోగుల రికార్డులతో చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, తక్కువ మోతాదు స్టెరాయిడ్ పంపులు ఏడాదిలో ఎన్ని ఎక్కువ వాడితే మరణాలు అంత తగ్గాయి. ఒక్కో అదనపు పంపుకు 21 శాతం తగ్గుదల కనిపించింది. ఇలాంటి ఆధారాలన్నీ చూశాకే, ఆస్తమా వైద్యానికి ప్రపంచమంతా అనుసరించే ‘జినా’ మార్గదర్శకాలు 2019 నుంచి సాల్బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావద్దని చెబుతున్నాయి.

నీలో నిజం అసలే లేదని నేను అనను. స్టెరాయిడ్ మీద భయానికి ఒక చరిత్ర ఉంది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచం పట్టిన రోగికి తొలిసారి కార్టిసోన్ ఇచ్చినప్పుడు లోకం అబ్బురపడింది. రెండేళ్లకే ఆ పరిశోధనకు నోబెల్ బహుమతి వచ్చింది. మాత్రలుగా, ఇంజెక్షన్లుగా ఏళ్ల తరబడి వాడాక దాని రెండో ముఖం బయటపడింది. మొహం ఉబ్బింది, చక్కెర పెరిగింది, ఎముకలు పలచబడ్డాయి, పిల్లల ఎదుగుదల కుంటుపడింది. ఆ నష్టం చూసినందువల్లే మందును రక్తంలోకి కాకుండా నేరుగా ఊపిరితిత్తులకు పంపే దారి వెతికారు. 1972లో బ్రిటన్‌లో బెక్లోమెథసోన్ ఇన్‌హేలర్ వచ్చింది. అప్పటిదాకా రోజూ మాత్రల మీద ఆధారపడ్డ ఎందరో ఆ మాత్రలు మానగలిగారు. అంటే ఇన్‌హేలర్ పుట్టిందే నువ్వు చెప్పే కీడును తప్పించడానికి.

మోతాదు సంగతి ఒకసారి చూడు. పెద్దవాళ్లకు బుడెసొనైడ్ తక్కువ మోతాదు అంటే రోజుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు. రోజుకు 400 చొప్పున ఏడాది పొడవునా పీల్చినా మొత్తం 146 మిల్లీగ్రాములు. ఆయాసం ముదిరి ఆస్పత్రికి వెళ్తే రాసే ప్రెడ్నిసొలోన్ మాత్రలు రోజుకు 40 మిల్లీగ్రాములు, ఐదు రోజులకు 200. రెండూ వేర్వేరు మందులు, బరువుకు బరువు సమానం కావు. బుడెసొనైడే ఎక్కువ శక్తి గలది. కానీ అది పనిచేయాల్సిన చోటికి నేరుగా పోతుంది. గొంతులో పడి కడుపులోకి వెళ్లిన భాగంలో దాదాపు 90 శాతాన్ని కాలేయం మొదటి విడతలోనే నిర్వీర్యం చేస్తుంది. మాత్ర అలా కాదు, ఒళ్లంతా తిరుగుతుంది.

ఇప్పుడు నువ్వు చేస్తున్న పని చూడు. స్టెరాయిడ్ వద్దని ఇన్‌హేలర్ మాన్పిస్తావు. నెల తిరక్కుండా ఆయాసం తిరగబెడుతుంది. అర్ధరాత్రి ఊళ్లో వైద్యుడి దగ్గరికి పరుగెత్తితే సూది వేస్తాడు, నాలుగు గోలీలు పొట్లం కట్టి ఇస్తాడు. చాలాసార్లు ఆ సూదిలో, ఆ గోలీల్లో ఉండేది స్టెరాయిడే. తెల్లారేసరికి హాయిగా ఉంటుంది గనుక మళ్లీ ఆయాసం వస్తే మళ్లీ అవే. కొందరు మందుల షాపులో బెట్నెసాల్ అనే స్టెరాయిడ్ గోలీలు అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగుతారు. ఆ గోలీల పేరు నువ్వు ఎత్తవు. స్టెరాయిడ్ పేరు చెప్పి బెదిరించి, అంతకు ఎన్నో రెట్లు స్టెరాయిడ్ ఒంట్లోకి పంపిస్తున్నది నువ్వే. నీ మీద నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

పీల్చే మందుకు దుష్ఫలితాలు లేవని నేను అబద్ధం చెప్పను. నోట్లో తెల్లటి పూత రావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. పిల్లల ఎత్తు గురించి అమెరికాలో వెయ్యిమందికి పైగా పిల్లలతో అధ్యయనం చేశారు. రోజుకు 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ కొన్నేళ్లు వాడినవారు పెద్దయ్యాక, మందు లేని ఉత్తుత్తి పంపు వాడినవారి కంటే సగటున 1.2 సెంటీమీటర్లు పొట్టిగా ఉన్నారని 2012లో తేలింది. ఇది తల్లిదండ్రులకు తెలియాల్సిన నిజం. నిద్రలేని రాత్రులు, బడి మానిన రోజులు, ఐసీయూ గది దీనికి ఎదురుగా ఉన్నాయనేది కూడా తెలియాల్సిన నిజమే. ఎక్కువ మోతాదు ఏళ్ల తరబడి వాడేవారిలో కంటి శుక్లాలు, ఎముకల బలహీనత, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గడం లాంటివి రావచ్చు. హెచ్‌ఐవీకి వాడే రిటొనావిర్, ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ లాంటివి కలిస్తే ఇన్‌హేలర్ స్టెరాయిడ్ రక్తంలో పేరుకుపోతుంది. ఈ ప్రమాదాలన్నిటికీ సమాధానం మానేయడం కాదు, ఉబ్బసాన్ని అదుపులో ఉంచే అతి తక్కువ మోతాదు వాడడం. సుమారు మూడు నెలలు అదుపులో ఉంటే డాక్టరే మోతాదు తగ్గిస్తూ వస్తారు.

అలవాటు అంటావే, దాని సంగతి కూడా చెబుతాను. ఈ మందు మీద మనసు లాగదు, రోజురోజుకూ ఎక్కువ కావాలని ఒళ్లు అడగదు. ఆపితే ఆయాసం తిరిగి రావడం మందు పెట్టిన బానిసత్వం కాదు. అదుపు తప్పిన పాత జబ్బే మళ్లీ తలెత్తడం.

నువ్వు ఎవరికీ నేర్పనివ్వని పద్ధతి ఒకటుంది. దాన్ని ఇక్కడే రాస్తాను. నొక్కే పంపు అయితే మూత తీసి బాగా కుదపాలి. ఊపిరి పూర్తిగా బయటికి వదిలి, పెదాలు బిగించి, నెమ్మదిగా లోపలికి పీల్చడం మొదలుపెడుతూనే నొక్కాలి. పీల్చాక పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. రెండోసారి కావాలంటే అర నిమిషమైనా ఆగి మళ్లీ కుదపాలి. పిల్లలకు, వృద్ధులకు, నొక్కడం పీల్చడం ఒకేసారి కుదరనివాళ్లకు స్పేసర్ గొట్టం తప్పనిసరి. దానితో గొంతులో పడే మందు తగ్గి, ఊపిరితిత్తులకు చేరేది పెరుగుతుంది. స్పేసర్‌ను వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌కు మందు అంటుకుంటుంది. పొడి మందు పీల్చే రోటాహేలర్ లాంటిదైతే పద్ధతి వేరు. గట్టిగా, వేగంగా, లోతుగా పీల్చాలి, దానిలోకి ఊపిరి వదలకూడదు. దాని క్యాప్సూల్ మింగేది కాదని ఇంట్లో అందరికీ చెప్పాలి. స్టెరాయిడ్ ఏ రకంగా పీల్చినా తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. నోటి పూతను అడ్డుకునే పని ఇది.

పంపు రంగు చూసి మందును గుర్తుపట్టకూడదు. కంపెనీని బట్టి రంగు మారుతుంది కాబట్టి పేరు చదవాలి. స్టెరాయిడ్‌తో పాటు, కండరాలను వదులు చేసే ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ను కొందరికి రోజువారీకీ, ఆయాసానికీ ఒకటే వాడమని రాస్తారు. తనకు రాసింది ఏ పద్ధతో అడిగి కాగితం మీద రాయించుకోవాలి.

నువ్వు చేరే చోటు ఇంకొకటుంది. ఏటా జూన్‌లో మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో కొర్రమీను పిల్లతో ఇచ్చే చేప ప్రసాదం కోసం వేల మంది వరుస కడతారు. అది ఉబ్బసాన్ని నయం చేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. అయినా నమ్మకంతో వచ్చినవాళ్లను నేను నిందించను. ఆ వరుసలో నిలబడ్డవాళ్ల చెవిలో “ఇక పంపు పారేయొచ్చు” అని నువ్వు చెప్పకు. గర్భిణికి కూడా ఆ మాట చెప్పకు. కడుపులో బిడ్డకు మందు కంటే తల్లికి ఊపిరాడకపోవడమే ఎక్కువ ప్రమాదం.

ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, మెడ కండరాలు ఎగదన్నుతున్నా, ఉపశమన పంపు పీల్చినా తగ్గకపోయినా అది ఆవిరి పట్టి కూర్చునే సమయం కాదు. పంపును స్పేసర్‌తో ఇస్తూనే 108కి ఫోన్ చేయాలి. ఆ నిమిషంలో “ఎక్కువసార్లు ఇస్తే గుండెకు చేటేమో” అంటూ చేయి పట్టుకుని ఆపకు.

నిన్ను పూర్తిగా పొమ్మంటే పోవని తెలుసు. బిడ్డ నోట్లో రోజూ మందు కొట్టే తల్లికి దిగులు సహజం. అందుకని నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఇంట్లో గుసగుసగా తిరగడం మాని, డాక్టరు ముందుకు ప్రశ్నగా రా. నా మందులో రోజూ వాడేది ఏది, ఆయాసానికి వాడేది ఏది? నేను పీల్చే పద్ధతి ఒకసారి చూసి తప్పుంటే దిద్దుతారా? ఇంతకంటే తక్కువ మోతాదు నాకు ఎప్పుడు సరిపోతుంది? నేను వాడే ఇతర మందులతో దీనికి పేచీ ఉందా? పిల్ల ఎత్తును ఎన్ని నెలలకోసారి కొలుస్తారు? ఈ ప్రశ్నలు అడిగిన తల్లి ఇన్‌హేలర్‌ను జాగ్రత్తగా వాడుతుంది. నీ మాట విని దాచిన తల్లి ఆస్పత్రి వరండాలో కూర్చుంటుంది. మా ఇళ్లలో నీకు చోటు కావాలంటే మొదటి తల్లి పక్కనే ఉండు.

ఇట్లు,
రోజూ మందు పీల్చే ఒక ఉబ్బసం మనిషి