ట్రాన్స్‌ఫర్ అయిందటండీ

మా పెద్దబావకి రోజూ రెండుసార్లు తెల్లారుతుంది. కోడి కూసినప్పుడొకసారి, అమెరికా నుంచి కొడుకు వీడియో కాల్ చేసినప్పుడొకసారి. మొన్న ఆ రెండో తెల్లారడం సరిగ్గా తెల్లారలేదు. ఫోన్లో మా మేనల్లుడు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"ఏరా, ఒంట్లో బాలేదా?" అన్నాడు బావ.

"మావోడు ట్రాన్స్‌ఫర్ అయిపోయాడు నాన్నా."

బావ పంచాయతీ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. ట్రాన్స్‌ఫర్ అనే మాట చెవిన పడితే చాలు, ముప్ఫై మూడేళ్ల సర్వీసూ ఒక్కసారి లేచి నిలబడుతుంది. "అయ్యో! ఏజెన్సీకేశారా? మారేడుమిల్లా, వై.రామవరమా? ఎమ్మెల్యేగారి లెటరు తెచ్చుకోలేకపోయాడా ఎర్రోడు?" అన్నాడు.

వాడు ఓపిగ్గా చెప్పాడు. అది ఆ ట్రాన్స్‌ఫర్ కాదు. వాళ్ల కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆరడుగుల తొమ్మిదంగుళాల కుర్రాడొకడున్నాడు. సీజనంతా వీడు గొంతు పోయేలా అరిచింది వాడికోసమే. ఇప్పుడు వేరే కాలేజీవాళ్లు డబ్బులిచ్చి వాణ్ణి ఎగరేసుకుపోయారు.

బావ చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. "ట్రాన్స్‌ఫర్ కోసం మనమివ్వడం చూశాను గానీ, మనకెదురివ్వడం ఎక్కడా చూళ్లేదురా!"

"నమ్మకద్రోహి నాన్నా. డబ్బుకి అమ్ముడుపోయాడు. వాడి పేరున్న బనీను కొన్నాను, ఎనభై డాలర్లు."

బావ వేళ్లమీద గుణించాడు. దాదాపు ఏడు వేలు తేలాయి. ఆయన మొహం కూడా వేలాడింది. ఆ క్షణంలో, నా ఎరుకలో మొదటిసారి, తండ్రీకొడుకుల బాధ ఒక్కటైంది.

అక్కడి సంగతి కాస్త చెప్పాలి. కాలేజీ ఆటగాడు పవిత్రుడు, వాడి చేతికి పైసా తగలకూడదు అని అమెరికాలో వందేళ్లకి పైగా నియమం నడిచింది. స్టేడియాలు నిండాయి, టీవీవాళ్లు వేల కోట్లు కుమ్మరించారు, కోచ్‌లు మేడలు కట్టుకున్నారు. పవిత్రత మాత్రం ఆటగాడి వాటాకొచ్చింది. 2021 జూలై 1న, సరే, నీ పేరూ మొహమూ నువ్వు అమ్ముకోవచ్చు అన్నారు. 2024 నుంచి, చదువులో మార్కులు సరిగ్గా ఉంటే ఎన్ని కాలేజీలు మారినా వెంటనే ఆడొచ్చు అన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న రాజీ ప్రకారం కాలేజీయే నేరుగా తన ఆటగాళ్లందరికీ కలిపి తొలి ఏడాది 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచొచ్చు అన్నారు. మన లెక్కలో 170 కోట్లు దాటుతుంది.

ఇది విన్నాక బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా తేల్చాడు. "అంటే కాలేజీ ఒకటే. నువ్వెదురు ఫీజు కట్టి చదువుతున్నావు, ఆడికెదురు జీతమిచ్చి చదివిస్తన్నారు. మన కొబ్బరితోట తాకట్టు డబ్బులు ఎక్కడికెల్తన్నాయో ఇయ్యాల తెలిసింది." కాసేపాగి, "చిన్నప్పుడు గుమ్మం పట్టుకుని ఏలాడరా, పొడుగెదుగుతావని మీ అమ్మ మొత్తుకుంది. ఏలాడావు కాదు!" అన్నాడు.

ఇలాంటి ట్రాన్స్‌ఫర్లలో నాకు నచ్చింది గ్రేట్ ఒసోబోర్ అనే కుర్రాడిది. గ్రేట్ అనేది నేను తగిలించిన బిరుదు కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరే. ముందు మోంటానా స్టేట్, తర్వాత యూటా స్టేట్, 2024లో వాషింగ్టన్. ఆ మూడోదానికి ముట్టింది 20 లక్షల డాలర్లని పత్రికలు రాశాయి. పదహారు కోట్ల పైమాట. అప్పటికి కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అంత రేటు పలికినవాడు లేడన్నారు. తమాషా ఏమిటంటే మూడు చోట్లా కోచ్ ఒకడే, డానీ స్ప్రింకిల్. ఆయన కాలేజీ మారినప్పుడల్లా శిష్యుడూ వెనకే మారాడు. గురువు మారితే 'కెరీర్', శిష్యుడు మారితే 'అమ్ముడుపోవడం'.

ఇది మనకి కొత్తా? ఇంటర్ కాలేజీల దగ్గర పుట్టి పెరిగిన జాతి మనది. ఫిజిక్స్ మాస్టారు ఒక కార్పొరేట్ కాలేజీ నుంచి ఎదురుగా ఉన్న ఇంకో కార్పొరేట్ కాలేజీకి రోడ్డు దాటితే, ఆయన వెనక ర్యాంకులొచ్చే పిల్లలు బాతుపిల్లల్లా దాటుతారు. పదో తరగతి రిజల్టు వచ్చిన సాయంత్రం మార్కులొచ్చిన పిల్లాడి ఇంటిముందు పీఆర్వోల బళ్లు బారులు తీరతాయి. ఫీజొద్దంటాడొకడు, హాస్టలొద్దంటాడొకడు, తండ్రికి చెయ్యి కలిపి పక్కకి తీసుకెళతాడు మరొకడు. అమెరికావాళ్లు బంతికి చేసింది మనం బైపీసీకి ఎప్పుడో చేసేశాం. మన ప్లేయరుకి నిద్ర తక్కువ, అంతే తేడా.

అన్నట్టు ఆ ఏడాది వాషింగ్టన్ ఏమైందో చెప్పలేదు కదూ. వాళ్ల లీగులో పద్దెనిమిది జట్లు. వీళ్లు పద్దెనిమిదో స్థానం.

ఇక్కడ తెలుగు టైటన్స్ అభిమానులు చిన్నగా దగ్గుతారు. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌ని మనవాళ్లు 2 కోట్ల 60 లక్షల 50 వేలకి పాడారు. కబడ్డీలో అప్పటికది రికార్డు. చివర ఆ యాభై వేలు చూశారా, చేపల పాటలో ఆఖర్న గంప సర్దినట్టు! ఆ రోజు మా రచ్చబండ దగ్గర, ఇక కప్పు ఎక్కడ పెట్టాలన్నదొక్కటే సమస్య అన్నట్టు మాట్లాడారు. సీజన్లో 22 ఆటలాడి 2 గెలిచాం. ఆఖరు స్థానం. అప్పటిదాకా 'మన పవన్' అన్నవాళ్లు సంక్రాంతి నాటికి 'ఆ హర్యానా వాడు' అనేశారు. పాపం ఆయన పుట్టింది ఢిల్లీ. కోపమొచ్చినప్పుడు మనవాళ్లకి భూగోళం గుర్తుండదు.

అభిమాని ప్రేమకి ఊరూ పేరూ అక్కర్లేదు, రేటుంటే చాలు. డేవిడ్ వార్నర్‌నే చూడండి. ఆస్ట్రేలియావాడు. 2016లో సన్‌రైజర్స్‌కి ఐపీఎల్ కప్పు తెచ్చాడు. 2020 లాక్‌డౌన్‌లో భార్యాపిల్లలతో కలిసి 'బుట్టబొమ్మ' పాటకి స్టెప్పులేశాడు. ఆ దెబ్బతో ఆయనకి మన గుండెల్లో రేషన్ కార్డు మంజూరైపోయింది. 2021 సీజన్ మధ్యలో కెప్టెన్సీ పీకేశారు. 2022 వేలంలో ఢిల్లీ 6 కోట్ల 25 లక్షలకి పట్టుకుపోయింది. భీమవరంలో రొయ్యల సీడు కొనేవాడూ, తణుకులో పంచదార తూచేవాడూ, రాజమండ్రిలో రోజ్‌మిల్క్ తాగేవాడూ ఆ రోజు సొంత అల్లుణ్ణి సాగనంపినట్టు కుమిలిపోయారు. ఆ మే 5న అదే వార్నర్ మన జట్టు మీదే 92 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. మా ఊరి కుర్రాళ్లు ఈల వెయ్యాలో ఏడవాలో తెలీక, ఈల వేస్తూ ఏడ్చారు.

సరే, అది ఆస్ట్రేలియా బంధుత్వం. మరి సొంత రక్తం?

హనుమ విహారి కాకినాడలో పుట్టాడు, 1993 అక్టోబరు 13న. పదహారు టెస్టులాడాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం చిరిగి, పరిగెత్తలేక, కదల్లేక, 161 బంతులు అడ్డుకుని 23 పరుగులతో నిలబడి అశ్విన్‌తో కలిసి టెస్టు కాపాడాడు. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్ మీద రంజీ క్వార్టర్‌ఫైనల్ ఆడుతూ చెయ్యి విరిగితే, కట్టుకట్టించుకుని మళ్లీ దిగి, కుడిచేతివాటం మనిషి ఎడమచేతివాటంగా నిలబడి, ఒక్క చేత్తో ఆడాడు. ఆంధ్ర జట్టు కోసం. అలాంటివాడు 2025లో ఆంధ్రని వదిలి త్రిపురకి వెళ్లిపోయాడు. ట్రాన్స్‌ఫర్ అంటే అసలుసిసలు ట్రాన్స్‌ఫర్, కాకినాడ బిడ్డ అగర్తలాకి.

మా రచ్చబండ దగ్గర అడిగాను, మీకు బాధ లేదా అని.

"ఎంతకెల్లాడు?" అన్నాడొకడు.

కోట్లేం కాదన్నాను.

"మరెందుకండీ గొడవ!" అని పేకముక్కలు పంచాడు.

న్యాయంగా చెప్పాలంటే 2024 ఫిబ్రవరిలో మాత్రం గొడవ జరిగింది. కెప్టెన్సీ విషయంలో తనకి అవమానం జరిగిందనీ, ఇక ఆంధ్రకి ఆడననీ విహారి చెప్పినప్పుడు జిల్లా అంతా రెండుగా చీలి కొట్టుకుంది. అది రెండు పార్టీల మధ్య, ఎలక్షన్ ముందర. ఆయన బ్యాటింగ్ సగటు ఎంతని ఆ రెండు పక్షాల్లో ఒక్కడూ అడగలేదు. ఓట్లు లెక్కపెట్టాక మా రచ్చబండ దగ్గర ఆ సంగతే ఎవరికీ గుర్తులేదు. ఏడాది తిరిగాక ఆయన త్రిపుర బండెక్కితే వీడ్కోలుకి ఫ్లెక్సీ ఒక్కటీ లేవలేదు.

వలస పక్షి కదండీ, అన్నాడొక పెద్దమనిషి. ముందు హైదరాబాదు, తర్వాత ఆంధ్ర, మళ్లీ హైదరాబాదు, మళ్లీ ఆంధ్ర, ఆనక త్రిపుర, ఇదేం నిలకడ అని. ఆ పెద్దమనిషి తెలంగాణలోనూ ఆంధ్రలోనూ కలిపి ఎన్ని పార్టీల కండువాలు కప్పుకున్నాడో మా ఊరి చాకిరేవు బండకి తెలుసు.

మన దగ్గర ఊరు మారినవాడికి రకరకాల మాటలున్నాయి. చిన్నతనంలోనే అమలాపురం వదిలి హైదరాబాదు గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీకి వెళ్లిన సాత్విక్ సాయిరాజ్ 'ఎదిగాడు'. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఆంధ్ర ప్రీమియర్ లీగ్‌లో భీమవరం బుల్స్‌కి కెప్టెనయితే 'మావాడైపోయాడు'. ఆ భీమవరం 2025 ఆటలన్నీ విశాఖలోనే ఆడిందనుకోండి, అది వేరే సంగతి. మనకి పేరొస్తే ఎదగడం, రాకపోతే అమ్ముడుపోవడం. ఏలూరు కాలవలాగా ఈ సూత్రం ఒకవైపే పారుతుంది.

మా తాతలు ఈ విషయంలో మనకన్నా నయం. ఆనాటి కాంట్రాక్టు నాటకాలు గుర్తున్నవాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. కాంట్రాక్టరనే ఆయన ఒక్కో ఊరినుంచి ఒక్కో నటుణ్ణి రేటు మాట్లాడి తెచ్చి, ఒక రాత్రికి జట్టు కట్టేవాడు. కృష్ణ రాయబారంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు. పడక సీనుకొకరు, రాయబారం సీనుకొకరు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి, షణ్ముఖి ఆంజనేయరాజు, ఇలా ఎవరి పద్యం వాళ్లది, ఎవరి జనం వాళ్లది. నిన్న ఈ ఊళ్లో పాడినాయన రేపు పక్క ఊళ్లో పాడేవాడు. డబ్బుకే పాడేవాడు. నమ్మకద్రోహమని ఒక్క ప్రేక్షకుడూ మూలగలేదు. రాగం బాగుంటే వన్స్ మోర్ అన్నారు, బాగోకపోతే కాలవగట్టున బీడీ కాల్చుకుని రెండో కృష్ణుడి టైముకొచ్చారు. ఐపీఎల్ అంటే ఇంతే కదా. కాకపోతే అప్పట్లో కృష్ణుడి పేరున్న బనీను అమ్మే ఆలోచన ఎవరికీ రాలేదు. వచ్చుంటే మా తాతా ఏడ్చేవాడే.

అసలు దుఃఖం ఆ బనీనుదే అని నా అనుమానం. అభిమాని పెట్టుబడి పెడతాడు. ఫ్లెక్సీకి చందా, పాలాభిషేకానికి పాలు, గొంతుకి మిరియాల కషాయం. వాటా మాత్రం ఎక్కడా రాసుండదు. వేలంలో రేటు పెరిగితే తన ఆస్తి పెరిగినట్టు పొంగుతాడు, అమ్మకం జరిగిపోయాక చూస్తే రిజిస్ట్రేషన్ కాయితంలో తన పేరే లేదు. రొయ్యకి పక్క ఊరి ఏజెంటు కిలోకి రెండు రూపాయలు ఎక్కువిస్తానంటే పదేళ్ల పాత ఏజెంటుకి ఫోనెత్తని మా బావలాంటివాళ్లే, ఈ విషయంలో మాత్రం నీతిశతకం తెరుస్తారు.

ఇదంతా నేను బావతో అనలేదు. మా ఇంటి ఆడపడుచు కాపురం చేసే ఇల్లు, ఆయన కాఫీ ఇంకా నా చేతిలోనే ఉంది.

వారం తర్వాత ఇంకో ఫోనొచ్చింది. ఈసారి మేనల్లుడి మొహం వేలాడ్డం లేదు, కాస్త పక్కకి తిరిగి ఉంది. ఒంటిమీద ఆ బనీనూ లేదు.

"నాన్నా, నేనూ ట్రాన్స్‌ఫర్ అవుతున్నాను."

అక్కడెక్కడో డల్లాస్ పక్కన ఇంకో కాలేజీ ఉందట. ఫీజు సగమేనట. గదిలో ఉండే నలుగురూ మనవైపు కుర్రాళ్లేనట. ఒకడిది రావులపాలెం. ఈ కాలేజీ గురించి ఏడాదిన్నరగా 'మా కాలేజీ, మా కాలేజీ' అని చెప్పిన నోటితోనే, 'ఇక్కడేముంది నాన్నా, పేరు తప్ప' అన్నాడు. నమ్మకద్రోహం ఊసు రాలేదు. నేనూ ఎత్తలేదు, మేనమామని కదా.

"ఎదురేమన్నా ఇస్తారా?" అన్నాడు బావ ఆశగా.

"లేదు నాన్నా, మనమే కట్టాలి. కాకపోతే తక్కువ."

బావ ఫోను పెట్టేసి కండువా దులుపుకుని రచ్చబండ దగ్గరికి నడిచాడు. చాలా ఏళ్ల తర్వాత ఆయన దగ్గర ఆఫీసు కబురు ఒకటుంది.

"మావోడికి ట్రాన్స్‌ఫర్ అయిందండీ" అన్నాడు.

పేకముక్కలు ఆగాయి. ట్రాన్స్‌ఫర్ అంటే మా ఊళ్లో ఎవరైనా అడిగేది ఒకటే. వాళ్లూ అదే అడిగారు.

"దగ్గరికేనా?"

బావ వేళ్లమీద లెక్కేశాడు. "ఇంతకుముందు మనకీ ఆడికీ పన్నెండున్నర గంటలండీ. ఇప్పుడు పదిన్నరే. రెండు గంటలు దగ్గరికొచ్చాడు."